ఇసుక, ఊక, పసివాళ్ళ చదువు

పజుండౌంగ్ అన్న మాటకు బర్మీస్ భాషలో రొయ్యల కొండ అని అర్థం. పజున్ అంటే రొయ్య, తౌంగ్ అంటే కొండ. యాంగోన్ నగరానికి తూర్పున వాగు ఒడ్డున ఉన్న పేట ఇది. మా తెలుగు తరగతికి వచ్చే అయిదేళ్ళ పిల్లలకు ఈ అర్థం చెప్పగానే, "కొండ ఏదీ?" అని అడుగుతారు. పెద్దవాళ్ళు ఎవరూ అడగరు. రొయ్యలు బజారులో కనబడుతున్నాయి గదా, కొండ ఉంటేనేం, లేకపోతేనేం అనుకుంటారు కాబోలు.

ఆ ప్రశ్న అడిగే వయసును గురించే ఈ వ్యాసం. మూడేళ్ళు నిండి ఏడేళ్ళు దాటని బిడ్డకు మట్టిని, నీటిని, గింజను తన చేతులతో పట్టి చూసే వీలు, తన పని తాను ఎంచుకునే చొరవ ఎంతవరకు ఉండాలన్నది మా పెద్దల మధ్య కొన్నేళ్ళుగా నలుగుతున్న మాట. ఆటలతో చదువు చెప్పడం దొరల పద్ధతి, మన పద్ధతి బెత్తము, బాలశిక్ష అని కొందరంటారు. మన పాత బడులన్నీ చీకటి కొట్లు, వెలుగంతా ఐరోపా నుంచే వచ్చిందని చదువుకున్న కుర్రవాళ్ళు కొందరంటారు. ఈ రెండింటిలోనూ సగమే నిజమున్నదని మా అభిప్రాయం. అందుకు కారణాలు చరిత్రలో ఉన్నవి.

ముందు మా పేట సంగతి. 1869లో సూయజ్ కాలువ తెరిచిన తరువాత బర్మా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. పజుండౌంగ్ వాగు పొడవునా ఆవిరి మిల్లులు లేచాయి. పడవల మీద ధాన్యం మిల్లు రేవులకు వచ్చేది. బస్తాలు దింపింది, మోసింది, మరల దగ్గర నిలబడింది, బియ్యాన్ని ఓడకెక్కించింది చాలామట్టుకు మనవాళ్ళు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల నుంచి మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి వచ్చినవారు. మీ పూర్వుల వలె వీరు గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేయలేదు. అయితే మేస్త్రీ బాకీ కాగితం కంటే తేలికైనదేమీ కాదు. బర్మావాళ్ళు మనలను కోరంగీలు అన్నారు. కోరంగి కాకినాడ పక్కన ఉన్న పాత రేవు; 1839 తుఫానులో నాశనమైంది. ఊరు పోయిన తరువాత కూడా దాని పేరు సముద్రానికి ఇవతల మనలను అంటిపెట్టుకుని ఉన్నది.

మిల్లు బాయిలర్లకు ఊకే వంటచెరకు. మండగా మిగిలిన ఊక వాగులోకి పోయేది. ఇంత ధాన్యం మధ్య పసిపిల్లలు ఎక్కడ ఉన్నారు? వచ్చినవారిలో ఆడవారు, పిల్లలు బహు తక్కువ. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనంలో సగానికి పైగా భారతీయులే గాని, వారిలో ఎక్కువమంది ఒంటరి మగవారు. వారుండే బసలు ఎంత ఇరుకైనవో 1933లో అచ్చయిన ఇ. జె. ఎల్. ఆండ్రూ గారి పుస్తకం చెబుతుంది. మనిషికి పడుకునే చోటే కొలిచి ఇచ్చిన చోట పసివాడు పాకడానికి నేల ఎక్కడిది? తల్లి పనికి పోతే ఎనిమిదేళ్ళ అక్క చంకలో తమ్ముడు. ఆ అక్కే ఆ బిడ్డకు బడి.

తోటల్లో పెరిగిన మీ తాతముత్తాతల కథ కొంచెం వేరు. మలయాలో 1923 నాటి కార్మిక చట్టం, ఏడు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు పదిమంది ఉన్న తోటలో యజమాని బడి పెట్టాలన్నది. ఏడేళ్ళ లోపు వారి ఊసు అందులో లేదు. వారు ఆయా దగ్గర, గుడ్డ ఉయ్యాలల్లో, తల్లి రబ్బరు పాలు తీసి వచ్చేవరకు ఉండేవారు. అయినా తోట బిడ్డకు చెట్టు తెలుసు, చీమ తెలుసు, వాన ముందు గాలి వాసన తెలుసు. తెలియనిది బడి ఒక్కటే. మిల్లు బిడ్డకు చెట్టూ దూరమే, బడీ దూరమే. మన రెండు జాతుల కూలీల చరిత్ర రాసేవారు ఈ తేడాను ఎందుకో పట్టించుకోరు.

ఇక మనం విడిచి వచ్చిన ఊళ్ళలో బడి ఎలా ఉండేదో చూద్దాము. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లా బడులను గురించి పై అధికారులకు ఒక నివేదిక పంపాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు ఉన్నట్టు అతడు లెక్క తేల్చాడు. వాటిలో 226 తెలుగు బడులు. అయిదో ఏట బిడ్డను బడిలో వేసేవారు. మొదట నేల మీద ఇసుక పరిచి, వేలితో అక్షరం దిద్దించేవారు. మనం ఓనమాలు అని ముద్దుగా చెప్పుకునేది ఇదే. వేలు తప్పితే ఇసుకను అరచేత్తో చదును చేసి మళ్ళీ దిద్దవచ్చు. తప్పు ఎక్కడా నిలిచి ఉండదు. ఇంతకంటే దయగల పలక ఏదీ ఇంతవరకు పుట్టలేదు.

అయితే అదే నివేదికలో రెండో ముఖం కూడా ఉన్నది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక బెత్తపు దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. పాతికోవాడి గతి ఏమిటో పాఠకులే లెక్క వేసుకోగలరు. పిల్లలు పద్యాలు వల్లె వేస్తున్నారే గాని వాటి అర్థం చిలుకకు ఎంత తెలుసో వారికీ అంతే తెలుసునని కాంప్‌బెల్ విసుక్కున్నాడు. అతడు దొర కనుక అలా అన్నాడని తీసివేయడానికి లేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు నూరేళ్ళ తరువాత కూడా ఇంచుమించు ఇదే బాధతో వాదించవలసి వచ్చింది.

కనుక మన వీధిబడిలో మట్టి ఉన్నది, చొరవ లేదు. వేలికి ఇసుక ఇచ్చారు, కాలికి కదలిక ఇవ్వలేదు.

ఆ ఇసుక సముద్రం దాటిన కథ మరీ చిత్రమైనది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమానికి ఆండ్రూ బెల్ అనే పాదరీ అధికారిగా వచ్చాడు. మలబారు బడి ఒకదానిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. ఆ రోజుల్లో కుంఫిణీ వారి నోట మలబారు అంటే తమిళమే. తన బడిలోనూ అలా చేయమంటే ఉపాధ్యాయులు వినలేదు. అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవాడొకణ్ణి చిన్నవాళ్ళకు నేర్పే పనిలో పెట్టాడు. వాడు నేర్పాడు. 1797లో బెల్ ఈ సంగతి లండనులో అచ్చు వేయించాడు. జోసెఫ్ లాంకాస్టర్ అనే మరొకడు కూడా లండనులో ఇటువంటి బడి నడిపాడు. ఇంగ్లండు పేద పిల్లలు ఇసుక బల్లల మీద వేలితో అక్షరాలు దిద్దారు. మనవాళ్ళ ఇసుక, మనవాళ్ళ పెద్దపిల్ల చిన్నపిల్లకు నేర్పే అలవాటు అక్కడికి ఆ విధంగా చేరాయి.

కాని లండను దానిని ఏమి చేసింది? ఒక్క పంతులు, వందల మంది పిల్లలు, గంట కొడితే అందరూ ఒకేసారి దిద్దడం, గంట కొడితే అందరూ ఒకేసారి చెరపడం. పజుండౌంగ్‌లో మిల్లు చూసినవారికి ఆ బడిని వేరే వర్ణించనక్కరలేదు. అక్క తమ్ముడికి నేర్పడంలో ఉన్న చనువు పోయి, లెక్కకు వచ్చే పని మాత్రం మిగిలింది. మన పెద్దలు మన పద్ధతి అని గర్వంగా చెప్పే వరస బెంచీల బడిలో చాలా భాగం ఈ లండను మిల్లుబడి తిరిగి వచ్చిందేనని మా అనుమానం.

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల బడి తెరిచి, 1840లో దానికి పిల్లల తోట అని అర్థం వచ్చే కిండర్‌గార్టెన్ పేరు పెట్టాడు. పిల్లకొక మడి ఇచ్చి, దానిలో ఏమి నాటుకుంటావో నీ ఇష్టం అన్నాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఇటువంటి బడులను నిషేధించింది. 1860 వరకు ఆ నిషేధం ఎత్తివేయలేదు. నాలుగేళ్ళ పిల్ల తన మడిలో చిక్కుడు నాటుకుంటే ఒక రాజ్యానికి భయం వేసిందంటే, ఇది ఉత్త ఆట కాదని రాజ్యమే ఒప్పుకున్నట్టు గదా!

మా పేటకు దగ్గరైన కథ మాత్రం రోము నగరంలోనిది. 1907 జనవరి 6న శాన్ లొరెంజో అనే కూలివాళ్ళ పేటలో మరియా మాంటిసోరి ఒక గదిలో పిల్లల ఇల్లు తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే పసిపిల్లలు మెట్ల మీద, వసారాల్లో తిరిగి గోడలు పాడు చేస్తున్నారని, ఇళ్ళు కట్టించినవారే ఆ గది ఇప్పించారు. గోడల మీది ప్రేమతో పుట్టిన బడి అది. అక్కడ ఆమె పిల్లలకు గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడమనిచ్చింది. ఏ సామాను తీసుకోవాలో, ఎంతసేపు పట్టుకోవాలో పిల్లల ఇష్టం. వేలికి గరుకు తగలడం మన ఇసుక నాటి సుఖమే. కొత్తగా వచ్చింది ఎంచుకునే హక్కు.

ఆమె 1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం వారి పిలుపు మీద మద్రాసు అడయారు వచ్చింది. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగగానే శత్రుదేశపు మనిషిగా ఆమె మీద కట్టడులు పెట్టారు. ఇక్కడ 1941 డిసెంబరు 23న రంగూను మీద మొదటి బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపాను చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. మద్రాసు జనం ఊరు ఖాళీ చేస్తున్న ఆ ఏడే మాంటిసోరి కొడైకెనాల్ కొండకు చేరింది. అక్కడ సింహళం నుంచి వచ్చిన లీనా విక్రమరత్నె గారితో కలిసి, చిన్నా పెద్దా కలిసిన పిల్లల గుంపుకు బడి నడిపింది. రాళ్ళు, వాగులు, ఆకులు, పురుగులు పాఠాలయ్యాయి. ప్రకృతిని గురించిన ఆమె ఆలోచన పండింది ఆ కొండ మీదనే.

అదే నెలల్లో మనవాళ్ళు టౌంగప్ కనుమ దాటి అరకాను వైపు, టమూ మీదుగా మణిపురం వైపు నడుస్తున్నారు. ఆ నడకలో పిల్లలూ ఉన్నారు. ఏ ఆకు తినవచ్చు, ఏ నీరు తాగరాదు అన్నది వారు కూడా ప్రకృతి నుంచే నేర్చుకున్నారు, ఎవరూ కోరని తీరులో. ఒకే సైన్యం తోసుకు వస్తే ఒక బడి కొండెక్కింది, ఒక జాతి అడవి పట్టింది. ఈ రెండు సంగతులు ఒక పుటలో రాసినవారిని మేము చూడలేదు కనుక రాస్తున్నాము.

మాంటిసోరి రాకముందే భావనగర్‌లో గిజూభాయి బధేకా 1920లో బాలమందిరం తెరిచాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బొంబాయికి ఉత్తరాన బోర్డీ అనే పల్లెకు వెళ్ళింది. దళితవాడ పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిట్లోకి తీసుకుపోయింది. అంగనంలోని బడి కనుక అంగన్‌వాడీ. తరువాత కోస్‌బాడ్‌లో ఆమె, శిష్యురాలు అనుతాయి వాఘ్ ఇంకొక అడుగు వేశారు. వార్లీ గిరిజన పిల్లలు పశువులు కాయడానికి పోతున్నారంటే, పచ్చిక బయలులోనే బడి పెట్టారు. దూడ ఎటు పోతే పాఠం అటు. ఖరీదైన సామాను లేదు. గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి. భారత ప్రభుత్వం 1975 అక్టోబరు 2న శిశు అభివృద్ధి పథకాన్ని 33 చోట్ల మొదలు పెట్టి, దాని కేంద్రాలకు అంగన్‌వాడీ పేరే పెట్టింది. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఆ మాట తెలియని తల్లి లేదు. పేరు వాకిలిది, నడిచేది మాత్రం చాలాచోట్ల ఇరుకు గదిలో.

బర్మా దేశపు పాత చదువులోనూ మనం నేర్వదగినది ఒకటున్నది. బౌద్ధ మఠాల బడుల్లో పిల్లలు అక్షరాలను ఉత్త శబ్దాలుగా చదవరు. ఆకారాన్ని బట్టి పేర్లు పెట్టి పిలుస్తారు. ఒక త బానపొట్ట త. ఒక థ ఏనుగు కాలి సంకెల థ. ఒక భ గూని భ. ఒక య వెల్లకిలా పడుకున్న య. మన తెలుగులోనూ తలకట్టు, కొమ్ము, సుడి, గుడి ఉన్నవి గదా. కొమ్ము అంటే ఆవు కొమ్మే. ఈ మాటలు వ్యాకరణం అనుకుని మనం గంభీరంగా చెబుతాము గాని, ఏ కాలంలోనో ఎవరో పిల్లల కోసం పెట్టిన పేర్లలాగే ఉన్నవి.

1964 తరువాత ఓడలు నిండుగా మనవాళ్ళు వెళ్ళిపోయారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఈనాటికీ ఉన్నది. 1965లో ప్రైవేటు బడులు సర్కారువయ్యాయి. ఆ తరువాత తెలుగు ఇళ్ళలో, గుళ్ళలో, ఎండాకాలం సెలవుల తరగతుల్లో బతికింది. మా తరం నేర్చింది అటువంటి తరగతుల్లోనే. చెప్పినవారు జీతం లేకుండా చెప్పిన పుణ్యాత్ములు. వారికి దొరికింది ఒక పుస్తకం, పదిమంది ఒకే చోట కూర్చోవలసిన చాప. కనుక అక్షరం పదిసార్లు రాయించారు. మాలో చాలామందికి అక్షరం వచ్చింది, మాట రాలేదు. చదవగలరు, కాని తెలుగులో ఒక కాకిని తరమలేరు. మరికొందరు రెండో ఎండాకాలానికి రానే లేదు.

2016 జూన్‌లో ఈ దేశపు సర్కారు బడుల్లో అయిదేళ్ళ పిల్లలకు కొత్త కె.జి. పాఠ్యక్రమం వచ్చింది. ఆట ద్వారా నేర్పాలని దాని ఉద్దేశం. 2020లో మహమ్మారి, 2021 ఫిబ్రవరి తరువాత వచ్చిన కల్లోలం, వీటితో చాలామంది పిల్లల చదువు చెదిరిపోయింది. ఆ రోజుల తరువాత మా తరగతికి వచ్చిన చిన్నపిల్లలను చూసి మాకు ఒక సంగతి తోచింది. వారు నెలల తరబడి మేడగదుల్లో ఉండి వచ్చారు. చాప మీద కూర్చోమంటే వారికి కొత్తగా ఇచ్చేదేమీ లేదు.

అప్పటినుంచి నోటుపుస్తకం ఆరేళ్ళు దాటినవారికే. చిన్నవాళ్ళకు వెదురు చేటల్లో ఇసుక. ఒకసారి ఇసుక దొరకక ఊక పరిచాము. గాలికి లేచి అందరూ తుమ్మారు, కాని అక్షరం బాగానే పడింది. నాలుగు చేటలు, నాలుగు పనులు పెడతాము: ఇసుక, చింతగింజలు, నీళ్ళ చెంబులు, ఆకులు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో మేము చెప్పము. చింతగింజల దగ్గర చేరినవారు వామనగుంటలు ఆడుతూ తెలుగు అంకెలు పలుకుతారు. తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుకగూళ్ళు కట్టడం ఒక అవ్వ వచ్చి చూపింది. ఆమె చదువుకోలేదు, ఆ రోజు మా తరగతికి ఆమెను మించిన పండితురాలు లేదు. ఉగాదికి వేపపూత తెస్తే, "ఇది తమా గదా, మా పొరుగింట్లో వండుతారు" అన్నది ఒక పిల్ల. తమా అంటే బర్మీస్‌లో వేప. తింజాన్ నీళ్ళ పండుగ నాటికి పదౌక్ పూలు ఒక్క వానకు ఒక్క రోజు పూసి రాలిపోతాయి. వాటికి తెలుగు పేరు చెప్పమని పిల్లలు మమ్మల్ని పట్టుకున్నారు. ఆంధ్రదేశంలో దాని దగ్గరి చుట్టం వేగిస చెట్టు ఉన్నదని చెప్పాము. అయితే దీని పేరు పచ్చబంగారం అని వారే తేల్చేశారు. మేము దిద్దలేదు.

తల్లిదండ్రుల మాట కూడా రాయాలి. కొందరు పుస్తకం తెరిచి చూపమంటారు. రెండు నెలల్లో ఎన్ని అక్షరాలు వచ్చాయి అంటారు. బస్సు ఛార్జీ పెట్టి పంపేవారు అలా అడగడం న్యాయమే. మా జవాబు, ఇంట్లో ఎన్ని తెలుగు మాటలు తనంతట తానే అన్నదో మీరు లెక్కపెట్టి చెప్పండి అని. కొందరు లెక్కపెట్టి వచ్చారు. కొందరు బిడ్డను ఇంగ్లీషు ట్యూషనుకు మార్చారు. ఆ పిల్లల చేటలు ఖాళీగానే ఉన్నవి. ఇంకొకరిని కూర్చోబెట్టడానికి మాకు ఇంకా మనసు రాలేదు.

ఇప్పుడు వచ్చిన చిక్కు నేల గురించి. తరగతి జరిగే ఆవరణకు వానలు పట్టేలోపు సిమెంటు వేయించాలని పెద్దలు చందాలు పోగు చేశారు. వానాకాలమంతా బురద, ముసలివారు జారి పడుతున్నారు. వారి మాట కాదనలేము. మేము అడిగింది ఒక్కటే: మామిడిచెట్టు మొదటి నుంచి తూర్పు గోడ వరకు, పన్నెండు అడుగుల పొడవున, ఆరడుగుల వెడల్పున మట్టిని మట్టిగానే వదలండని. పెద్దలలో ముగ్గురు సరేనన్నారు, ఇద్దరు ఆలోచించాలన్నారు. కిందటి ఆదివారం మేస్త్రీ కొలతకు వచ్చాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలంటే పిల్లలు ఇద్దరు పరుగెత్తారు. వాళ్ళు మా ఆరడుగుల గీత దగ్గర కాక, ఇంకో రెండడుగుల అవతల నిలబడ్డారు.